మల్బరీ ఆకు టీ, పచ్చి పనస పిండి, పట్టల పొడి: మా ఊరి కొట్టు సరుకు మీద నా రివ్యూ

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక సందులో ఆర్గానిక్ కొట్టు ఒకటి ఉంది. గానుగ నూనె, బెల్లం, కొర్రలు, సామలు అందరి దగ్గరా ఉండేవే. వీళ్ల దగ్గర నన్ను నిలబెట్టింది మాత్రం గోడవైపున్న ఒక అర. మల్బరీ ఆకు టీ, పచ్చి పనస పిండి, మర్రి, రావి, మేడి వగైరా పట్టల పొడి, కింద నల్ల సంచుల్లో మల్బరీ మొక్కలు. కోస్తే పాలు కారే చెట్లు. వృక్షశాస్త్రం లెక్కలో దాదాపు ఇవన్నీ ఒకే కుటుంబం, మల్బరీ కుటుంబం. కొట్టాయన ఆ సంగతి తెలిసే పక్కపక్కన పేర్చాడో, జాగా కుదిరి పేర్చాడో నేను అడగలేదు.

ముందే తేల్చి చెప్పేస్తాను. పనస పిండి కోసం మళ్లీ వెళ్తాను. మల్బరీ టీ సరుకు మంచిదే, దాని డబ్బా మీద అచ్చు వేసిన మాటలే మంచివి కావు. పట్టల పొడి నోటిపూతకి పనికొస్తుంది, అంతకు మించి ఆశపడొద్దు. మొక్కకి అంత ధర దండగ. కొట్టు పేరు రాయడం లేదు. కింద కాస్త తిట్టాను, ఊరు చిన్నది.

నేను ఫార్మసిస్టుని. రోజంతా మెడికల్ షాపు కౌంటర్ వెనకే నా పని. షుగర్ మాత్రల చీటీతో వచ్చేవాళ్లలో సగం మంది, మాత్రలు సంచిలో వేసుకున్నాక గొంతు తగ్గించి, "అమ్మా, ఆ ఆకు పొడేదో తాగితే ఇవి మానేయొచ్చంటగా?" అని అడుగుతారు. ఇంట్లో మా మావయ్యగారికీ షుగరే. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. అందుకే ఈ సరుకు కొన్నాను. తాగింది, తిన్నది ఎక్కువగా ఆయనే. డబ్బా చూడగానే ఆయన అన్న మొదటి మాట: "ఏటమ్మా, పట్టుపురుగులకి ఏసే ఆకు నాకు మరిగించి పోస్తావేటి?"

ఆయన అడిగిందాంట్లో పాయింటు ఉంది. మల్బరీ ఆకు ప్రత్యేకత తెలిసేది పురుగుల దగ్గరే. ఆకు తుంచితే కారే పాలలో చక్కెరని పోలిన పదార్థాలు ఉంటాయి. వాటివల్ల చాలా రకాల గొంగళిపురుగులు ఆ ఆకు తింటే ఎదగవు, చచ్చిపోతాయి. పట్టుపురుగు మాత్రం హాయిగా తిని బలుస్తుంది, ఎందుకంటే దాని కడుపులోని ఎంజైములు ఆ పదార్థాలకి లొంగవు. వాటిలో ముఖ్యమైనదాన్ని డీఎన్‌జే అంటారు. 1976లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని మల్బరీ వేరు పట్ట నుంచి వేరుచేశారు. దాన్ని కాస్త మార్చి చేసిన షుగర్ మందే మిగ్లిటాల్. మా షాపులో వోగ్లిబోస్ అనే షుగర్ మాత్రలు రోజూ పోతాయి, అవి చేసేదీ అదే పని: తిన్న పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారడాన్ని నెమ్మదింపజేయడం. కాబట్టి మల్బరీ ఆకుకీ షుగర్‌కీ సంబంధం ఉందనడం గాలి కబురు కాదు.

ఇక డబ్బా సంగతి. ఆకుపచ్చ అట్టపెట్టె, లోపల జిప్ కవరు. పొడి కాదు, ఎండిన ఆకు ముక్కలు. కాడలు తక్కువ, రంగు ఇంకా పచ్చగానే ఉంది. అంటే నీడన ఆరబెట్టినట్టే. ఇది మెచ్చుకోవాలి. మార్కెట్లో మెత్తని పొడి అమ్మేవాళ్లు చాలామంది, అందులో ఏం కలిసిందో కంటికి తెలియదు. వేడినీళ్లలో వేస్తే లేత పసుపు రంగు దిగుతుంది. వాసన ఎండిన మెంతికూరకి దగ్గరగా ఉంటుంది, చేదు లేదు. చివర్లో నాలుక మీద కొంచెం తీపి తగులుతుంది. గ్రీన్ టీ అంటే మొహం చిట్లించేవాళ్లు కూడా ఇది తాగేస్తారు.

పెట్టె ముందు వైపు ఒక స్టిక్కరు: "షుగర్‌కి శాశ్వత పరిష్కారం". వెనక వైపు: "ఉదయం పరగడుపున ఒక కప్పు తాగవలెను". నాకు చిరాకేసింది ఈ రెండింటి మీదే.

మొదటిది చట్టం విషయం. డయాబెటిస్‌ని నయం చేస్తామని మందుకి ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలోనే ఉంది. ఇది మందు కాదు, ఆహారం కింద అమ్ముతున్నామంటారా, ఆహారం ప్యాకెట్ మీద రోగం తగ్గిస్తామని రాయడం ఆహార భద్రత నిబంధనలకి విరుద్ధం. ఎటు చూసినా ఆ స్టిక్కరు ఉండకూడదు. కొట్టాయనతో అంటే, "కంపెనీ వాళ్లు అంటించి పంపార్లెండి" అన్నాడు. మిగతా డబ్బాల మీద కూడా అలాగే ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. పరగడుపున తాగితే దీనివల్ల దాదాపు ఏ లాభమూ లేదు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం పేగులో ముక్కలై గ్లూకోజ్‌గా మారితేనే రక్తంలోకి వెళ్తుంది. ఆఖరి ముక్కలు కోసే ఎంజైము దగ్గర డీఎన్‌జే అడ్డం కూర్చుంటుంది. కోత నెమ్మదిస్తుంది, తిన్న వెంటనే షుగర్ జివ్వున లేవదు. అంటే అన్నమూ ఇదీ పేగులో ఒకేసారి ఉండాలి. పొద్దున్నే ఆరింటికి టీ తాగి, తొమ్మిదింటికి ఇడ్లీలు తింటే, విస్తళ్లు వేయకముందే వడ్డించి వెళ్లిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. వోగ్లిబోస్ ఇచ్చేటప్పుడు కూడా మేం భోజనానికి ముందు, కంచం ముందు కూర్చునేటప్పుడు వేసుకోమని చెప్తాం. ఈ టీ కూడా అంతే, భోజనంతో పాటు. డబ్బా రాసినవాళ్లకి సరుకు తెలుసు గానీ అది పనిచేసే తీరు తెలియదని అర్థమైపోయింది.

మావయ్యగారికి మధ్యాహ్నం అన్నంతో పాటు ఇచ్చి, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూశాను. టీ ఉన్న రోజుల్లో అంకె కొంచెం తక్కువగానే వస్తోంది. "కొంచెం" అని ఎందుకంటున్నానంటే, ఇంట్లో వాడే మీటర్లకి పదిహేను శాతం దాకా తేడా చూపడానికి ప్రమాణాలే వెసులుబాటు ఇస్తాయి. ఆ తేడాలో కొట్టుకుపోయే తగ్గుదలని చూసి సంబరపడలేను. పైగా ఎండుటాకులో డీఎన్‌జే ఉండేదే నూటికి ఒక వంతు కన్నా బాగా తక్కువ. లేత ఆకులో ఎక్కువ, ముదురాకులో తక్కువ. ఏ డబ్బాలో ఎంతుందో రాయరు. డోసు తెలియని మందుకి మార్కులు వేయమంటే నేను వేయను.

షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఇప్పటికే వోగ్లిబోస్ గానీ, అదే రకం మందు అకార్బోస్ గానీ వేసుకుంటున్నవాళ్లు ఇది మొదలెడితే ఒకే పనికి ఇద్దర్ని పెట్టినట్టే. అరగని పిండి పెద్దపేగులోకి దిగి అక్కడ పులుస్తుంది. కడుపుబ్బరం, గ్యాసు, ఒక్కోసారి విరేచనాలు. మావయ్యగారికి ఆ మాత్రలు లేకపోయినా మొదట్లో కడుపు గుడగుడలాడింది. "పొట్టలో వంశధార పారుతున్నాది" అని నవ్వారు, తర్వాత సర్దుకుంది. గ్లిమెపిరైడ్ లాంటివో, ఇన్సులినో వాడేవాళ్లకి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఈ టీ గానీ వోగ్లిబోస్ గానీ కడుపులో ఉన్నప్పుడు అలా పడిపోతే పంచదార, బెల్లం తొందరగా పనిచేయవు, ఎందుకంటే పంచదారని విడగొట్టే ఎంజైము కూడా అడ్డగింతలోనే ఉంటుంది. నేరుగా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఆ ఒక్క వాక్యం డబ్బా మీద అచ్చు వేసి ఉంటే స్టిక్కరు సంగతి కూడా క్షమించేసేదాన్ని.

ఇక పనస పిండి. దీని గురించి సంతోషంగా రాస్తాను.

మన శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే పచ్చి పనస పిండి మీద పరీక్ష జరిగిందని మన ఊళ్లో చాలామందికి తెలియదు. టైప్ 2 షుగర్ ఉన్న 40 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకి 30 గ్రాముల పచ్చి పనస పిండి, ఇంకో గుంపుకి మామూలు పిండి ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగులకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. అన్నం, గోధుమ పిండి అంత మేరకు తగ్గించారు, మాత్రలు ఆపలేదు. 12 వారాల తర్వాత చూస్తే పనస పిండి తిన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్ సగటు, పావు పాయింటు తగ్గింది. రెండో గుంపులో దాదాపు ఉన్నచోటే ఉంది. 2021లో న్యూట్రిషన్ అండ్ డయాబెటిస్ అనే పత్రికలో వచ్చింది.

పావు పాయింటంటే ఎంత? 7.5 ఉన్నవాళ్లకి 7.25. అంతే. మాత్రలు మానేసేంత కాదు. మంది తక్కువ, కాలమూ తక్కువ. ఆ పరిశోధన రాసినవాళ్లలో ఈ పిండి వ్యాపారం పెట్టినాయన కూడా ఒకరు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా ఒక తిండి పదార్థానికి ఇంత పద్ధతిగా పరీక్ష చేసి అంకె చూపించడమే అరుదు. 

వంటింట్లో ఎలా ఉందంటే, పిండి లేత గోధుమ రంగులో, పాల పొడి కన్నా కాస్త గరుగ్గా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా పనస వాసన రాదు. అత్తయ్యగారు వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుని, "ఇది పనసేనా, మోసమా?" అన్నారు. పచ్చికాయ తొనల్ని ఎండబెట్టి ఆడిస్తారు, పండిన తొనల్ని కాదు. పండితే పిండిపదార్థం చక్కెరగా మారిపోతుంది. షుగర్ వాళ్లకి పచ్చిదే పని. అందుకే ప్యాకెట్ కొనేటప్పుడు "పచ్చి" అన్న మాట ఉందో లేదో చూడండి. పనస గింజల పిండి అని ఇంకోటి వస్తుంది, అదీ తినొచ్చు గానీ పరీక్ష చేసింది దానిమీద కాదు.

పూటకి ఒక పెద్ద చెంచా చొప్పున మనిషికి లెక్క. ఇడ్లీ పిండి పులిశాక, ఆవిరికి పెట్టే ముందు కలపాలి. ముందే కలిపితే పిండి గట్టిపడిపోతుంది, మళ్లీ నీళ్లు పోసి పల్చన చేయాలి. చపాతీకైతే గోధుమ పిండిలో కలిపి మామూలు కన్నా ఎక్కువ నీళ్లతో తడిపి, ఒక పావుగంట మూత పెట్టి వదిలేయాలి. లేకపోతే అంచులు చిట్లుతాయి. ఉప్మాలో బాగాలేదు, ఉండలు కట్టేసింది. చోడి (రాగి) అంబలిలో మాత్రం ఇట్టే కలిసిపోయింది, మావయ్యగారికి తెలియనే లేదు. ముఖ్యమైన సంగతి: ఇది అదనంగా తినేది కాదు, బియ్యం, గోధుమ అంత మేరకు తగ్గించి తినాలి. ఉన్న ఇడ్లీలు ఉన్నట్టే తిని పైన పనస పిండి వేసుకుంటే దానికి ప్యాకెట్టూ కాదు, నేనూ కాదు పూచీ.

నాకు నచ్చనిది ఒకటే. ప్యాకెట్ కేరళది. కేరళ వాళ్లు 2018లో పనసని రాష్ట్ర ఫలం చేసుకున్నారు, పిండి చేసి మనకి అమ్ముతున్నారు. మనకేం తక్కువ? మావయ్యగారిది మన జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలోని కవిటి వైపు. ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస లేని తోట ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి తోటలు నేలమట్టం చేసినప్పుడు వాళ్ల పనస మానులూ పడిపోయాయి. వాటిని కోయించి చేయించినవే మా ఇంటి తలుపులు. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉన్న చెక్క ఇప్పుడు ముదురు గోధుమ రంగుకి తిరిగింది, పురుగు పట్టలేదు. బొబ్బిలి వీణ చేసేదీ ఈ చెక్కతోనే. చెక్కకి వీణలు చేశాం, కాయకి పొట్టు కొట్టి ఆవ పెట్టి కూర చేశాం, పిండి మాత్రం కేరళ నుంచి తెచ్చుకుంటున్నాం. సీజన్లో హైవే పక్కన కుప్పలు పోసి అమ్మే కాయల్ని చూసినప్పుడల్లా నాకు ఇదే బాధ.

ఉద్దానం మాట వచ్చింది కాబట్టి ఇదీ రాయాలి. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి కట్టారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం బయటికి పోదు, పనసలో పొటాషియం బాగానే ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగినవాళ్లు పనస పిండిగానీ, మల్బరీ టీగానీ, ఇంకే ఆకు పొడిగానీ డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. మా కౌంటర్ దగ్గర అడిగితే నేను ఇవ్వను కూడా.

పట్టల పొడి గురించి ఎక్కువ లేదు. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి, ఈ ఐదు పట్టల్నీ ఆయుర్వేదంలో పంచవల్కలం అంటారు. మొదటి నాలుగూ మల్బరీ చుట్టాలే. గంగరావికి పేరులో రావి ఉన్నా అది మందార, పత్తి కుటుంబం. పొడిలో వగరు ఎక్కువ, ఆ వగరుకి కారణమైన టానిన్లనే పదార్థాలు ఉంటాయి. మరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా పుక్కిలిస్తే నోటిపూత దగ్గర మంట తగ్గింది. వడకట్టకపోతే ఇసుక నమిలినట్టు పళ్ల మధ్య కరకరలాడుతుంది. ప్యాకెట్ మీద "పుండ్లు కడగడానికి" అని ఉంది. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకి మాత్రం దీన్ని వాడుతూ కూర్చోవద్దు. కాలి పుండుతో వారం ఆలస్యం చేసి, ఆ తర్వాత వేలు తీయించుకున్నవాళ్ల చీటీలు మా షాపుకి వస్తుంటాయి.

మల్బరీ మొక్క 150 రూపాయలు. ఆరోగ్యంగానే ఉంది, పెరట్లో నాటితే చిగుర్లు వేసింది. కానీ మల్బరీకి మొక్క కొనాలా? పెన్సిలంత లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి తడిమట్టిలో గుచ్చితే పట్టేస్తుంది. తెలిసినవాళ్ల పెరట్లో చెట్టుంటే ఒక కొమ్మ అడగండి, కాయ కాస్తోందని చూసి మరీ అడగండి. మగపూలు మాత్రమే పూసే చెట్లుంటాయి, వాటి కొమ్మ తెచ్చుకుంటే ఆకు తప్ప పండు రాదు. పండ్ల కోసం కొన్నవాళ్లు పిల్లల తెల్ల యూనిఫాం మీద ఆశ వదులుకోండి. ఆ ఊదారంగు మరక ఏ సబ్బుకీ లొంగదు. పండ్లు పండే రోజుల్లో గోరింకలు మనకన్నా ముందే లేస్తాయి.

కొట్టు సర్వీసు బాగుంది. ప్యాకెట్ విప్పి ఆకు చూపించమంటే విసుక్కోకుండా చూపించాడు. తూకం సరిగ్గా ఉంది, బిల్లు ఇస్తాడు, ఫోన్ పే ఉంది. పనస పిండి తయారీ తేదీ చూసి తీసుకోండి, వెనక వరసలో పాత స్టాకు ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, జంక్షన్ దగ్గరే ఎక్కడో ఆపి నడిచి వెళ్లాలి. మల్బరీ టీ కొంటే పెట్టె వెనక రాసిన వాడకం పట్టించుకోకుండా భోజనంతో తాగండి. ఏ మాత్రలు వాడుతున్నారో ఆ చీటీ ముందు మీ డాక్టర్‌కో, ఫార్మసిస్టుకో చూపించండి.